ఆటల పెట్టె: రంగు తగిలినవాడే చెయ్యెత్తాలి

(పాఠకుల ప్రశ్నలకు అమలాపురం నుంచి ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, కబడ్డీ రిఫరీ ఇచ్చే సమాధానాలు. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం, ఒకరి మీద ఒకరు రంగు గుళికలు కాల్చుకునే పెయింట్‌బాల్ ఆట మీదే వచ్చాయి కాబట్టి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.)

ప్రశ్న: మా అబ్బాయి భీమవరంలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. సెలవుల్లో స్నేహితులతో హైదరాబాద్ వెళ్లి పెయింట్‌బాల్ ఆడి వచ్చాడు. అప్పటి నుంచి అదే ధ్యాస. జట్టు కడతాడట, సొంత సామాను కొనాలట. విదేశాల్లో దానికి ప్రపంచ కప్పులు కూడా ఉన్నాయంటాడు. వాళ్ల నాన్నగారేమో రంగులు చల్లుకోవడం కూడా ఆటేనా అని మండిపడుతున్నారు. ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నాను. ఎవరి మాట నిజం?
ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: అమ్మా, అది క్రీడే అన్న మీ అబ్బాయి మాట నిజం. దాని మీద బతుకు కట్టుకోవచ్చా అన్నది వేరే లెక్క. రెండూ విడివిడిగా చెబుతాను.

రిసార్టులో డబ్బు కట్టి అరగంట ఆడేది సరదా. పోటీ ఆట అలా ఉండదు. జట్టుకు ఐదుగురు. మైదానం సుమారు 150 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. గాలి నింపిన పెద్ద పెద్ద దిమ్మెలను రెండు సగాల్లోనూ ఒకే అమరికలో నిలబెడతారు. వాటిని బంకర్లంటారు. బజర్ మోగగానే రెండు జట్లూ చెరొక చివర నుంచి పరుగు తీసి వాటి చాటుకు చేరతాయి. రంగు గుళిక ఒంటికి తగిలి పగిలిందా, ఆ ఆటగాడు బయటికి. ప్రత్యర్థి చివరికి చేరి అక్కడి బజర్ నొక్కిన జట్టుకు పాయింటు. ఆ వెంటనే ఒకటి రెండు నిమిషాల్లో ఒళ్లు తుడుచుకుని, గుళికలు నింపుకుని మళ్లీ గీత దగ్గరికి వచ్చేయాలి. తప్పు చేసినవాణ్ణి పెనాల్టీ పెట్టెలో కూర్చోబెడితే మిగతావాళ్లు ఒకరు తక్కువగానే నెట్టుకురావాలి. బంకర్ల అమరిక పటాన్ని పెద్ద టోర్నమెంట్లలో ముందే విడుదల చేస్తారు. జట్లు అచ్చం అలాగే ఇంటి దగ్గర మైదానం వేసుకుని, ఎవరు ఎక్కడికి పరుగు తీయాలి, ఏ సందు మీద కన్నేసి ఉంచాలి అని రోజుల తరబడి సాధన చేస్తాయి. ఇంత పని ఉన్న ఆటను రంగులు చల్లుకోవడం అనడం న్యాయం కాదని మీవారికి నా మాటగా చెప్పండి.

ప్రపంచ కప్పు సంగతీ నిజమే. అమెరికాలో ఎన్‌ఎక్స్‌ఎల్ అనే లీగ్ ఏటా ఫ్లోరిడాలో వరల్డ్ కప్ జరుపుతుంది. శాన్ డియాగో డైనాస్టీ, ఎడ్మంటన్ ఇంపాక్ట్ లాంటి జట్లకు అక్కడ పెద్ద పేరు. ఐరోపాలో మిలీనియం సిరీస్ అనే పోటీలు పేరు పొందాయి. మలేషియాలోని లంకావి దీవిలో ఆసియా స్థాయి వరల్డ్ కప్ జరిగింది.

ఇక బతుకు లెక్క. పెయింట్‌బాల్ ఒలింపిక్స్‌లో లేదు, ఆసియా క్రీడల్లో లేదు. పై లీగుల్లో ఆడేవాళ్లలో కూడా చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి. మన దేశంలో క్రీడా కోటా కింద ఉద్యోగం రావాలంటే ముందు ఆ ఆట పేరు ప్రభుత్వ జాబితాలో ఉండాలి. పోటీని గుర్తింపు ఉన్న సమాఖ్య జరిపి ఉండాలి. ధ్రువపత్రం నిర్ణీత నమూనాలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఫారం 1 నుంచి 4 దాకా ఉన్నాయి: అంతర్జాతీయం, జాతీయం, విశ్వవిద్యాలయం, పాఠశాల. రంగు రంగుల సర్టిఫికెట్లు అచ్చు వేసి రుసుము వసూలు చేసేవాళ్లు అన్ని ఆటల్లోనూ ఉన్నారు. ఎంట్రీ ఫీజు కట్టే ముందు ఆట పేరు ఆ జాబితాలో ఎక్కడుందో, నిర్వాహకుల గుర్తింపు ఉత్తర్వు ఏదో చూపించమని అబ్బాయినే అడగండి. అతను చదువుకున్నవాడు, వెతికి తెచ్చుకోగలడు.

సామాను విషయంలో నా సలహా ఒక్కటే. ముందు మంచి మాస్కు కొనిపెట్టండి. చూపు కాపాడేది అదే, ఇతరులు వాడినది పెట్టుకోవడం కంటే సొంతదే మేలు. గుళికలు కాల్చే మార్కర్, గాలి సిలిండర్ అద్దెకు దొరుకుతాయి. ఇవి కొన్నా డబ్బు అక్కడితో ఆగదు. ఒక పెట్టెలో 2000 గుళికలుంటాయి. గట్టిగా ఆడే జట్టు ఒక్క రోజులోనే ఇలాంటి పెట్టెలు చాలా ఖాళీ చేస్తుంది. ఖర్చంతా అక్కడే ఉంది. క్యాంపస్ ఇంటర్వ్యూలు అయ్యేదాకా మాస్కుతో సరిపెట్టుకోమనండి. ఉద్యోగం వచ్చాక తన జీతంతో జట్టు కట్టుకుంటే ఎవరూ కాదనరు.

ప్రశ్న: పెయింట్‌బాల్‌ను ఎవరు కనిపెట్టారు? మొదటి ఆటలో ఎవరు గెలిచారు?
పదో తరగతి విద్యార్థి, తణుకు

జవాబు: బాబూ, మంచి ప్రశ్న వేశావు. ఈ కథ మన పల్లెల్లో పిల్లలందరూ వినాలి.

రంగు గుళికలు కాల్చే పనిముట్టు ఆట కోసం పుట్టింది కాదు. అమెరికాలో నెల్సన్ అనే రంగుల కంపెనీ, కొట్టాల్సిన చెట్లకు అటవీ ఉద్యోగులు దూరం నుంచే గుర్తు పెట్టుకోవడానికి దాన్ని అమ్మింది. పశువుల మందల్లో గుర్తులు పెట్టడానికి కూడా వాడేవారు. దాని పేరు నెల్‌స్పాట్ 007. అందులో పట్టేవి పదే గుళికలు. ఒక్కో గుళికకూ చేత్తో లాగి మళ్లీ సిద్ధం చేసుకోవాలి.

చార్లెస్ గెయిన్స్ అనే రచయితకు, హేస్ నోయెల్ అనే షేర్ల వ్యాపారికి మధ్య ఒక వాదన నడిచింది. అడవిలో వదిలేస్తే పట్నం మనిషి నెగ్గుతాడా, పల్లెటూరి మనిషి నెగ్గుతాడా అని. ఆ వాదన తేల్చుకోవడానికి, వాళ్ల మిత్రుడు బాబ్ గర్న్‌సీ నియమాలు రాయగా, 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హెన్నికర్ దగ్గర అడవిలో 12 మంది దిగారు. నాలుగు చోట్ల జెండాలు పెట్టారు. ఎవరికి వారే. ఎవరి కంటా పడకుండా, రంగు తగలకుండా నాలుగు చోట్ల నుంచీ జెండాలు తెచ్చుకున్నవాడు విజేత.

గెలిచింది రిచీ వైట్. అడవి పని చేసుకునే మనిషి. మొత్తం ఆటలో అతను ఒక్క గుళిక కూడా కాల్చలేదు. చప్పుడు చేయకుండా నడవడం, ఎక్కడ ఆగాలో ఎక్కడ కదలాలో తెలియడం అతని బలం. చేల గట్ల మీద తెల్లవారకముందే నడిచే అలవాటున్న మీ తాతలకు ఈ విద్య బాగా తెలుసు, అడిగి చూడు.

మరుసటి ఏడాది గర్న్‌సీ డబ్బు తీసుకుని ఆడించే మైదానం ఒకటి తెరిచాడు. అప్పట్లో గుళికల్లో నూనె రంగు ఉండేది, కడగాలంటే టర్పెంటైన్ కావాల్సి వచ్చేది. తరువాత నీళ్లతో పోయే రంగు వచ్చింది. ఇంటి దగ్గర అమ్మల కోపం తగ్గడంతో ఆట పెరిగిందని నా నమ్మకం.

ప్రశ్న: రెండు నెలల కిందట మీరు ఒక సమాధానంలో పెయింట్‌బాల్‌ను మెచ్చుకున్నారు. వ్యాయామ ఉపాధ్యాయులై ఉండి తుపాకీ ఆటను సమర్థించడం నాకు నచ్చలేదు. సాటి మనిషి మీద గురిపెట్టడం పిల్లలకు నేర్పవచ్చా?
ఒక విశ్రాంత తహసీల్దారు, ముమ్మిడివరం

జవాబు: అయ్యా, మీ అభ్యంతరం తీసిపారేయదగ్గది కాదు. 2009లో జర్మనీలోని వినెండెన్ పట్టణంలో ఒక బడిలో కాల్పులు జరిగి పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నాక, అక్కడి ప్రభుత్వం పెయింట్‌బాల్‌ను నిషేధించాలని చూసింది. పెద్ద చర్చ జరిగాక ఆ ఆలోచన విరమించుకుంది. కాబట్టి మీరు అడిగింది ఒక దేశమంతా కూర్చుని అడిగిన ప్రశ్నే.

పోటీ ఆట యుద్ధం వేషాన్ని తనంతట తానే చాలావరకు వదిలించుకుంది. 1990ల్లో అడవుల్లోంచి బయటి మైదానాల్లోకి, ప్రేక్షకుల కళ్ల ముందుకు వచ్చింది. మచ్చల మచ్చల సైనిక దుస్తులు పోయి, వీపు మీద పేరు, అంకె ఉన్న జెర్సీలు వచ్చాయి.

అయినా నా సందేహం తీర్చింది ఇవేవీ కావు. మా అక్క మనవడు ఆడుతున్నాడంటే హైదరాబాద్ శివార్లలో ఒక పోటీ చూడటానికి వెళ్లాను. ఒక కుర్రాడు గీత వెంట పొడవుగా పడుకోబెట్టిన బంకర్ చాటున బోర్లా పడుకుని, మోచేతుల మీద పాక్కుంటూ పోతున్నాడు. ఇంకో రెండు బారలు పోతే ఎదుటివాళ్ల పక్కకు చేరతాడు, పాయింటు అతని జట్టుదే. అతని ఎడమ పిక్క వెనక చిన్న నారింజ రంగు మరక కనిపించింది. నేనున్న వైపు నుంచి తప్ప ఎవరికీ కనబడే వీల్లేదు. రిఫరీ అప్పుడు రెండో చివర ఉన్నాడు. ఆ అబ్బాయి వెనక్కి చెయ్యి పెట్టి తడుముకున్నాడు. వేళ్లకు రంగు అంటింది. చెయ్యి తల మీదికి ఎత్తి లేచి నిలబడి బయటికి నడిచాడు. పాయింటు పోయింది. జట్టువాళ్లు ఒక్కరూ అతన్ని ఒక్క మాట అనలేదు.

ఏళ్ల తరబడి కబడ్డీ కోర్టు పక్కన నిలబడినవాణ్ణి నేను. టచ్ అయ్యీ కాలేదని ఒట్లు వేసేవాళ్లను, చొక్కా అంచు తగిలిందా లేదా అని గంట సేపు తగువులాడినవాళ్లను చూశాను. ఈ ఆటలో తగిలిన రంగును రిఫరీ చూడకముందే తుడిచేసుకోవడం అన్నిటికంటే నీచమైన తప్పు. దొరికితే అతనే కాదు, జట్టు కూడా శిక్ష అనుభవిస్తుంది. గురిపెట్టడం నేర్పుతుందన్నారు, నిజమే. తగిలిందని తానే ఒప్పుకోవడం కూడా నేర్పుతుంది. పిల్లల చేత ఆ రెండోది చేయించలేని నిర్వాహకుల దగ్గరికి మన పిల్లలను పంపవద్దు. మైదానం దాటి ఆ మార్కర్ ఎక్కడ బయటికి తీసినా, కుక్క మీద గాని గోడ మీద గాని ఒక్క గుళిక కాల్చినా, ఆ పిల్లవాడిని ఆట నుంచి శాశ్వతంగా తీసేయాలి. ఇందులో మీరూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం.

ప్రశ్న: రాజోలు దగ్గర మా అన్నదమ్ములకు ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది. కొబ్బరి ధర చూస్తున్నారుగా. తోటలో పెయింట్‌బాల్ పెడితే దిండి వచ్చే పర్యాటకులు వస్తారని ఆశ. మీరేమంటారు?
ఇద్దరు అన్నదమ్ములు, రాజోలు మండలం

జవాబు: నాయనా, మీ ఆశ మంచిదే. తోట లోపల మాత్రం వద్దు. ఆడేవాడి కళ్లు ఎదురుగా బంకర్ మీద ఉంటాయి, నెత్తి మీద కాదు. ఎండు మట్ట గాని, కాయ గాని పడితే మాస్కు ఆపలేదు. పోటీ కొలతల మైదానానికి కావాల్సింది 18,000 చదరపు అడుగులు, అంటే 41 సెంట్లు. చుట్టూ ఖాళీ, కూర్చునే చోటు కలుపుకుంటే ఇంకొంచెం. చెట్లు లేని మెరక జాగా ఉంటే అక్కడ పెట్టండి.

మన కోనసీమలో ఈ ఆటకు అసలు శత్రువు గాలిలోని తేమ. గుళిక పైపొర జెలటిన్. చేప నూనె గుళికలు ఎలా తయారవుతాయో ఇవీ అలాగే తయారవుతాయి. లోపల ఉండేది పాలిఇథిలీన్ గ్లైకాల్, రంగు. జెలటిన్ తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండకు మెత్తబడుతుంది. మా అక్క మనవడు శ్రావణంలో సంచి నిండా మా ఇంటికి తెచ్చి వసారాలో పెట్టాడు. నాలుగో రోజు విప్పితే సగం ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీసి వేళ్ల మధ్య తిప్పితే గుండ్రం పోయి ఒక పక్కకు సాగినట్టు ఉన్నాయి, పైపొర జిగటగా వేలికి అంటుకుంది. మామూలు గుళిక అడ్డుకొలత .68 అంగుళం, అంటే సుమారు 17 మిల్లీమీటర్లు. మార్కర్ గొట్టం ఆ కొలతకే ఉంటుంది. కాస్త ఉబ్బినా గొట్టంలోనే పగిలి, రంగు లోపలే ముద్దకట్టి, ఆ తరువాత వచ్చే గుళికలన్నీ వంకరగా పోతాయి. అందుకని ఏసీ గదిలో, మూత బిగించిన డబ్బాల్లో పెట్టుకోవాలి, పెట్టె తెరిస్తే త్వరగా వాడేయాలి. వానాకాలంలోనూ, మే నెల ఎండల్లోనూ గిరాకీ ఉన్నా నాణ్యత ఉండదు. కార్తీకం దాటాక మాఘం దాకా మీ అసలు సీజను.

ఈ పైపొర జంతు సంబంధమైనదని వచ్చేవాళ్లకు ముందే చెప్పండి. నోట్లో పెట్టుకునే వస్తువు కాకపోయినా, చేత్తో ముట్టుకోవడానికి ఇష్టపడనివాళ్లు మన వైపు ఉంటారు.

ఇంకో ముఖ్యమైన మాట. కుక్కలు ఈ గుళికలను ఇష్టంగా తింటాయి, ఎక్కువ తింటే ప్రాణం మీదికి వస్తుంది. గ్లైకాల్ ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగేయడంతో రక్తంలో సోడియం పెరుగుతుంది, వాంతులు, తూలిపోవడం, ఫిట్స్ వస్తాయి. వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మన పల్లెల్లో కుక్కలు, మేకలు, గేదెలు ఎక్కడపడితే అక్కడ తిరుగుతాయి కాబట్టి కంచె తప్పనిసరి. రోజూ ఆట అయ్యాక పగలని గుళికలు ఏరించండి. పక్కన రొయ్యల చెరువు గాని పంట కాలువ గాని ఉంటే ఆ వైపు నీళ్లు పోకుండా గట్టు వేయండి. పొరుగు రైతుతో ముందే మాట్లాడుకుంటే తగువు రాదు.

భద్రతలో రాజీ లేదు. మైదానం చుట్టూ ఎత్తైన వల ఉండాలి. ప్రతి మార్కర్‌నూ ఆటకు ముందు, గుళిక వేగం చూపే క్రోనోగ్రాఫ్‌తో కొలవాలి. గుళిక వేగం సెకనుకు 300 అడుగులు దాటకూడదు, మీరు 280 దగ్గరే ఆపండి. వల లోపల ఉన్నంతసేపు మాస్కు తీయకూడదు. అద్దం మీద ఆవిరి పట్టిందని తీసినా వెంటనే ఆట ఆపాలి. మన తేమలో ఆవిరి తప్పదు, రెండు పొరల అద్దం ఉన్న మాస్కులే కొనండి. ఈ ఆటలో ఒంటి మీద పడేది నాలుగు రోజుల్లో పోయే కమిలిన మచ్చ. కంటికి తగిలితే చూపే పోతుంది. మైదానం బయటికి రాగానే మార్కర్ మూతికి గుడ్డ తొడుగు పడాలి. అనుమతుల కోసం పంచాయతీనే కాదు, పోలీసు స్టేషన్‌ను కూడా ముందే కలిసి రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న: అమ్మాయిలు ఈ ఆట ఆడవచ్చా? దెబ్బ గట్టిగా తగులుతుందా?
డిగ్రీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: తప్పకుండా ఆడవచ్చు తల్లీ. అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే జట్టులో ఆడగలిగే ఆటల్లో ఇదొకటి. బరువు, ఎత్తు కన్నా చిన్న బంకర్ చాటున ఒదిగిపోవడం ఇక్కడ మేలు చేస్తుంది. దూరం నుంచి తగిలితే చురుక్కుమంటుంది, దగ్గర నుంచి తగిలితే కములుతుంది. నిండు చేతుల చొక్కా, మెడకు గుడ్డ, చేతికి గ్లౌజులు వేసుకో. మొదటిసారి భయంగా ఉంటే .50 అంగుళం చిన్న గుళికలతో ఆడించే చోటు వెతుక్కో. పిల్లలకూ కొత్తవాళ్లకూ అవి నొప్పి తక్కువ.

ప్రశ్న: మా ప్రాంతంలో పెయింట్‌బాల్ జట్లు తయారు చేసి టోర్నమెంటు పెట్టాలని ఉంది. గుర్తింపు లేని ఆట కోసం శ్రమపడితే ఫలితం ఉంటుందా? గుర్తింపు ఎలా వస్తుంది?
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, నరసాపురం

జవాబు: మాస్టారూ, మీలాంటివారి నుంచి ఈ ప్రశ్న రావడం నాకు ఎంతో సంతోషం.

మన కబడ్డీనే తీసుకోండి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో ప్రదర్శించారు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. ఆసియా క్రీడల్లో పతకం ఆటగా నిలబడేసరికి 1990 వచ్చింది, బీజింగ్‌లో. అన్నేళ్లూ ఊరూరా ఒకే కొలతల కోర్టు, ఒకే నియమాలు, రాసిపెట్టిన స్కోరు షీట్లు ఉన్నాయి కాబట్టే ఆ రోజు వచ్చింది. మా అమలాపురం సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో 2023లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి ప్రపంచ ఒకటో ర్యాంకుకు చేరాడు. ఆ అబ్బాయి ప్రతిభను ఎంత పొగిడినా తక్కువే. అదే సమయంలో, బ్యాడ్మింటన్‌లో జిల్లా నుంచి రాష్ట్రం, రాష్ట్రం నుంచి దేశం, అక్కడి నుంచి ప్రపంచం దాకా ఒకదాన్ని ఒకటి ఒప్పుకునే సంఘాలున్నాయి. ఇక్కడ గెలిస్తే పై మెట్టుకు దారి ఉంటుంది.

పెయింట్‌బాల్‌కు లోటుగా ఉన్నది ఆ మెట్లే. అమెరికాలో ఎన్‌పీపీఎల్ అనే లీగ్ ఏడుగురి ఆట ఆడించేది, పీఎస్‌పీ అనే మరో లీగ్ ఐదుగురి ఆట వైపు వెళ్లింది. 2000ల్లో ఈఎస్‌పీఎన్ టీవీ చానెల్‌లో కూడా కనబడిన ఆట 2008 మాంద్యం తరువాత చిక్కిపోయింది. పాత లీగులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, 2015 నుంచి ఎన్‌ఎక్స్‌ఎల్ ఆ చోటు నింపింది. లీగులు నడిపింది చాలావరకు వ్యాపారులు. వాళ్ల దయవల్లే ఆట బతికింది, కానీ వ్యాపారం ఆగితే ఆట కూడా ఆగుతుంది. మన దేశంలో కేంద్ర క్రీడా శాఖ ఒక్కో ఆటకు ఒక్క జాతీయ సమాఖ్యనే గుర్తిస్తుంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం ఆ గుర్తింపు పనిని జాతీయ క్రీడా బోర్డుకు అప్పగిస్తోంది. ఒకే ఆటకు రెండు మూడు సంఘాలు పుట్టి కోర్టుకెక్కితే నష్టపోయేది పిల్లలే. ఈ జిల్లాల్లో వేరే ఆటల్లో అది కళ్లారా చూశాను. ఒక ఏడాది మా కుర్రాళ్లకు రెండు సంఘాలు ఇచ్చిన సర్టిఫికెట్లు రెండూ చెల్లలేదు.

కాబట్టి మీరు గుర్తింపు కోసం ఎదురుచూడకండి. అది వచ్చిన రోజున చూపించడానికి కాగితాలు తయారు చేయండి. ఐదుగురి ఆట నియమాలను తెలుగులో అచ్చు వేయించి ప్రతి జట్టుకూ ఇవ్వండి. ప్రతి మ్యాచ్‌కూ స్కోరు షీటు, ఇద్దరు కెప్టెన్ల సంతకం, క్రోనోగ్రాఫ్ కొలతల పుస్తకం ఉండాలి. సంక్రాంతికి టోర్నమెంటు పెడితే మైదానం దరిదాపుల్లో పందేలు కాయనివ్వకండి. ఒక్కసారి పందెం చొరబడితే తగిలిన రంగును ఒప్పుకునేవాడు మిగలడు.

అన్నిటికంటే ముందు రిఫరీలను తయారు చేయండి. ఒకరిద్దరు చాలరు, మైదానం రెండు పక్కలా, మధ్యలో, చివర్లలో మనుషులుండాలి. వాళ్లు ఆటగాళ్లతో పాటు పరుగెత్తాలి, ఒంగి వీపు, పిక్కలు, సిలిండర్ వెనక కూడా చూడాలి. అనుమానం వస్తే ఆటగాణ్ణి అక్కడే పరీక్షించి అరక్షణంలో తేల్చాలి. కబడ్డీ లైన్ మీద నిలబడ్డ పాత రిఫరీలు నరసాపురం, పాలకొల్లు, అమలాపురంలో చాలామంది ఖాళీగా ఉన్నారు. వాళ్లకు ఈ నియమాలు నేర్పడానికి రెండు ఆదివారాలు చాలు. శిక్షణ తేదీ పెట్టాక పత్రిక చిరునామాకు ఒక కార్డు రాయండి, నేను వస్తాను.